పై షడ్జం

నా తెల్లవారుజాము మా ఇంటిగలావిడ కుక్కరుతో మొదలవుతుందని మొన్నొక వారం ఈ పేజీలో రాసిన పాపానికి ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోనాడు పత్రిక చేతబట్టుకుని మూడంతస్తులూ ఎక్కి వచ్చారు. గది ఖాళీ చెయ్యమంటారు కాబోలుననుకుని శ్రుతిపెట్టె కట్టేసి నిలబడ్డాను.

"విజయవాడలో మా చెల్లెలు చదివి ఫోను చేసిందమ్మా. మా కుక్కరు నీ పంచమంలో కూస్తుందని రాశావటగా! పంచమమంటే మంచిదేనా?" అన్నారు.

"మంచిదేనండీ. షడ్జం తరవాత అంత నిలకడైన స్వరం మరోటి లేదు" అన్నాను.

ఆ మర్నాటినుంచి ఆవిడ పప్పు ఓ పావుగంట ముందుగా పెడుతున్నారు, నా సాధనకు శ్రుతి తప్పకూడదని.

కొత్తగా ఈ పేజీ తిప్పినవారికోసం ఒక్క ముక్క. నేను ఖమ్మంలో సంగీతం నేర్చుకుంటున్నాను. అమ్మా నాన్నా కొత్తగూడెంలో వుంటారు. నాకు ఇక్కడ వైరా రోడ్డు పక్క సందులో మూడో అంతస్తు మీద ఒక గది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఎవరినైనా నీళ్లెన్ని బిందెలు వాడతావని అడుగుతారు. నన్ను మాత్రం ఎన్నింటికి పాడతావని అడిగారు. అయిదింటికి ముందు నోరు విప్పకూడదు, మనవడి పరీక్షల రోజుల్లో పై స్థాయికి పోకూడదు, ఆదివారం వరసలు పాడకూడదు, పాటలైతే పాడవచ్చును అని ఒప్పందం. నావైపు షరతు ఏమీ లేదు. ఖమ్మం గ్రానైటు వూరు కదా, తెల్లవారకముందే రాళ్ల లారీలు రోడ్డుమీద గేరు మారుస్తూ పోతుంటాయి. వాటికి ఎవరూ షరతు పెట్టలేదు.

ఇక మాఘ ఫాల్గుణాలొస్తే మరో తంటా. మిర్చి బస్తాలు మార్కెట్టుకు దిగుతాయి. ఆ వైపునుంచి గాలి తిరిగిందంటే షేరాటోలో పదిమందీ తుమ్ముతారు, డ్రైవరుతో సహా. గొంతు కాపాడుకోవలసిన మనిషి ముక్కుకి చున్నీ కట్టుకుని, మిరియాల చారు తలుచుకుంటూ పాఠానికి పోవాలి. తంజావూరు విద్యార్థులకు ఈ యోగం పట్టిందో లేదో నేనెరగను.

సంగీతం నేర్చుకునే అమ్మాయి ఎలా వుండాలన్న విషయంలో మా వీధికి గట్టి అభిప్రాయాలున్నాయి. పట్టుచీర కట్టాలి. మల్లెపూలు పెట్టాలి. ముక్కుకు రెండువైపులా రాళ్లు మెరవాలి. నేనేమో చుడీదారు, కాన్వాసు బూట్లు, వీపున సంచి. ఎదురింటి పిన్నిగారు ఒకనాడు నన్ను పైనుంచి కిందికి చూసి, "కంప్యూటరు పిల్లలా వున్నావుగాని సంగీతం పిల్లలా లేవే" అన్నారు. ఎలా వుంటే సంగీతం వచ్చినట్టో ఆవిడ వివరంగా చెప్పారు గాని, ఆ లెక్కన నాకు ముందుగా ఆరు తులాల సంగీతం కావాలి.

మా మాస్టారి అభిప్రాయాలు వేరు. తాళం వేసే చేతికి గాజులు వద్దు, మైకులో గలగల తప్ప ఇంకేమీ వినబడదు. గంజి ఎక్కువ పెట్టిన చీర వద్దు, ఊపిరి తీసినప్పుడల్లా కరకరమంటుంది. చెవులకు వేలాడేవి వద్దు, పాడేటప్పుడు తల వూపితే వినేవాళ్లు పాట మానేసి వాటిని చూస్తారు. ఇన్ని వద్దుల్లోంచి వడపోసుకుని నాకంటూ ఒక వేషం ఏర్పడింది. కచేరీ చెయ్యవలసి వచ్చినా, నలుగురితో కలిసి పాడవలసి వచ్చినా నాకు ఒక్కటే చీర. ఆవపువ్వు రంగు నూలుచీర, ఎర్రంచు. అది మా నాయనమ్మది. వాళ్ల వూరి భజన మేళంలో ఆడవాళ్లంతా ఒకేసారి ఒకే తానులోవి తీసుకున్నారట. ఉతికి ఉతికి గంజి అక్కర్లేనంత మెత్తబడింది. ఈ వారం కథంతా ఆ చీరలోనే వుంది గనక దాన్ని గుర్తుంచుకోండి.

మా మాస్టారిల్లు మున్నేటి ఒడ్డు కాలనీలో. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మాన్ని ముంచిన సంగతి మీరంతా చదివే వుంటారు. ఆ నీళ్లు మా మాస్టారింట్లో కిటికీలదాకా వచ్చాయి. మనుషులు క్షేమం. బీరువా కింది అరలో మాత్రం నలభై ఏళ్లుగా ఆయన రాసుకున్న స్వరలిపి పుస్తకాలున్నాయి. నీళ్లు తీశాక మేం నలుగురు శిష్యులం వెళ్లి, ఆ కాగితాలు ఒక్కొక్కటీ విడదీసి, బట్టల తాడుమీద క్లిప్పులు పెట్టి ఆరవేశాం. వీధంతా పరుపులూ దుప్పట్లూ ఆరవేస్తుంటే మా తాడుమీద తోడిరాగం ఆరింది.

అప్పుడొక చిత్రం చూశాను. సిరాకలంతో ముత్యాల్లా రాసిన పేజీలు నీలిమరకలై పోయాయి. పాఠం మధ్యలో తొందరలో పెన్సిలుతో గీకినవి చెక్కుచెదరలేదు. మాస్టారు ఏమీ అనలేదు. మర్నాటినుంచి పాఠానికి వచ్చేవాళ్లు పెన్సిలు తెచ్చుకోవాలన్నారు, అంతే.

ఆ తరవాత కొన్ని నెలలకు, ఒక సాయంత్రం, నాచేత స్వరకల్పన పాడించారు. పాట మధ్యలో రాగానికి కట్టుబడి అప్పటికప్పుడు స్వరాలు అల్లుకుపోవడమే స్వరకల్పన. ఎవరో నేర్పింది కాదు, తనకు తోచింది పాడాలి. నేను బాగా తయారై వెళ్లాను. నాలుగు ఆవర్తాలు పాడానో లేదో, మాస్టారు చెయ్యెత్తి, "ఇది ఎవరిది?" అన్నారు. ఫలానా విద్వాంసుడిదని చెప్పాను. ఫోనులో విని పట్టుకున్నది. "సరే, పాడు." పాడాను. "ఇది?" అదీ చెప్పాను. మూడోసారి అడిగేసరికి నాకే నవ్వు వచ్చింది.

"వీళ్లంతా గొప్పవాళ్లే. నువ్వు కనబడవేం?" అన్నారు.

నాకు నవ్వు ఆగిపోయింది. రోజుకు మూడు గంటలు వింటాను, రెండు గంటలు పాడతాను. ఫోనులో మూడువందల పాటలున్నాయి. నావి అనుకున్నవి ఏవో లెక్కపెడదామంటే వేళ్లు ముడవవలసిన అవసరం కనబడలేదు.

"చిన్నప్పుడు మీ ఇంట్లో ఎవరైనా పాడేవారా?" అన్నారు మాస్టారు కాసేపాగి.

నాయనమ్మ భజన సంగతి చెప్పాను. ఆవిడ పాడేది ఏదైనా పాడమన్నారు. నాకు మొదట నోటికొచ్చింది రామదాసు కీర్తన "ఏ తీరుగ నను". ఎంత ప్రసిద్ధమైన పాటో మీకు వేరే చెప్పనక్కర్లేదు. పుస్తకాల్లో దానికి రాగం నాదనామక్రియ, తాళం ఆది. మేం పాఠంలో నేర్చుకున్నదీ అదే. కాని నాయనమ్మ పాడే తీరు వేరు. అది పాడాను. పల్లవి అయింది. చరణంలోకి వెళ్లి, ఆవిడ ఎక్కేచోట ఎక్కాను, పై షడ్జానికి.

మాస్టారి తాళం ఆగింది.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పక తప్పదు. సంగీతంలో ఓనమాలు మాయామాళవగౌళ రాగంలో నేర్పుతారు. సరళీ స్వరాలు వినని ఇల్లుండదు. నాదనామక్రియ దాని బిడ్డే, అవే స్వరాలు. అయితే ఇది నిషాదాంత్య రాగం. అంటే కింది నిషాదం నుంచి పై నిషాదం దాకా మాత్రమే దాని నడక. పై షడ్జం గుమ్మందాకా వెళ్లి, గడప దాటకుండా తిరిగి వస్తుంది. ఆ రాగంలోని దైన్యమంతా ఆ తిరిగిరావడంలోనే వుందని నాకనిపిస్తుంది. అటువంటిచోట మా నాయనమ్మ గడప దాటి లోపలికి వెళ్లి కూర్చుంటుంది.

"తప్పేనా మాస్టారూ?" అన్నాను.

"పరీక్షలో తప్పే. మార్కులు పోతాయి" అన్నారు. తరవాత, "ఇంతకీ రామదాసు ఏం పాడాడో విన్నవాళ్లెవరు?" అన్నారు.

ఆయన అడిగింది తమాషాకు కాదు. కంచర్ల గోపన్న మా జిల్లావాడు. ఖమ్మానికి దగ్గర్లోనే నేలకొండపల్లి ఆయన వూరు. పాల్వంచ పరగణాకు తహసీల్దారు. 1672లో గోలకొండ గద్దె ఎక్కిన అబుల్ హసన్ తానీషా కాలంలో, సర్కారు సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించి, గోలకొండ చెరసాలలో పడ్డాడు. పన్నెండేళ్లు వున్నాడని చెప్పుకుంటారు. ఆ చెరలో పుట్టినవని చెప్పే కీర్తనలు ఎన్నో. వాటిలో ఒకదాంట్లో ఏ నగకు ఎంత ఖర్చయిందో రాముడికే లెక్క చూపిస్తాడు. తహసీల్దారు పని చేసిన చెయ్యి మరి, దేవుడి దగ్గరైనా జమాఖర్చు మానదు. త్యాగరాజంతటివాడు తన రచనల్లో ఆయన్ని తలుచుకున్నాడు. ఇంతా చేసి, ఆ పాటలకు స్వరాలు గుర్తుపెట్టి రాసినవాడు ఆనాడు లేడు. ఊరూరా రామమందిరాల్లో చిడతలు పట్టుకున్నవాళ్లు పాడుతూ పోయారు. నోటినుంచి నోటికి మూడువందల ఏళ్లు నడిచి వచ్చాయి. అందుకే ఒక్క కీర్తనకు ఒక పుస్తకంలో ఒక రాగం, మరో పుస్తకంలో మరో రాగం కనబడుతుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు విజయవాడ రేడియోలోనూ రికార్డుల్లోనూ పాడి, వీటిని భజన మందిరంనుంచి కచేరీ వేదికకు తెచ్చి కూర్చోబెట్టారు. ఇవాళ మనం "అసలు వరస" అనుకునేవాటిలో చాలావాటికి ఆ గొంతే ఆధారం. సినిమాలూ తమ వంతు చేశాయి. 1964లో చిత్తూరు నాగయ్యగారి "రామదాసు" వచ్చింది, 2006లో "శ్రీరామదాసు" వచ్చింది. మా ఇంటిగలావిడకు ఆ రెండోది తప్ప మరో రామదాసు లేడు. నేను ఏ కీర్తన ఎత్తినా, "సినిమాలో ఇలా లేదే" అంటారు.

"పూర్తిగా పాడు" అన్నారు మాస్టారు.

పాడలేకపోయాను. చిన్నతనంలో సెలవలకు వెళ్లినప్పుడు నాయనమ్మ ఒళ్లో విన్నది. ఒక చరణం వరకే వచ్చు. చివర్లో భజన వేగం ఎక్కి మలుపు తిరుగుతుందని తెలుసుగాని, ఆ మలుపు ఎలా తిరుగుతుందో తెలియదు. ఆ మాటే చెప్పాను.

"మిగతాది ఎవరికి వచ్చు?"

"నాయనమ్మకు."

"ఆవిడకెన్నేళ్లు?"

"ఎనభై రెండు."

మాస్టారు బీరువా కింది అరవైపు చూశారు. నీళ్లకు ఉబ్బిన పుస్తకాలు ఇప్పటికీ అక్కడే వున్నాయి. ఆయన ఇంకేమీ అనలేదు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఎందుకంటే ఎదురుగా చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను. రెండేళ్లుగా నాయనమ్మ ఫోనులో "ఒకసారి వచ్చి నా పాటలు పట్టుకుపోవే" అంటూనే వుంది. పరీక్ష అయ్యాక వస్తానన్నాను. తరవాత ఇంకో పరీక్ష వచ్చింది. నిజం చెప్పాలంటే, భజన పాటలే కదా అని నాకు కొంచెం చిన్నచూపు కూడా వుండేది. ఈమధ్య ఆవిడ ఆ మాట అడగడం మానేసింది. పొద్దున తిన్నదేమిటో సాయంత్రానికి మరిచిపోతోందని బాబాయి చెప్పాడు.

మాఘమాసంలో భద్రాచలంలో ఏటా రామదాసు జయంతి ఉత్సవాలు జరుగుతాయి. వాగ్గేయకారోత్సవమని పిలిచేది అదే. గోష్ఠిగానానికి మేమూ వెళ్లవలసే వుంది. నేను రెండు రోజులు ముందుగా బయల్దేరాను.

ఖమ్మంనుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. రైలు మాట తలపెట్టకండి. భద్రాచలం రోడ్డు అనే పేరుగల స్టేషను కొత్తగూడెంలో వుంది. అక్కడ దిగిన యాత్రికుడు రాముడికి ఇంకా 40 కిలోమీటర్లు దూరంలో వుంటాడు. బస్సే నయం. 2023 డిసెంబరునుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు డబ్బుల్లేవు గనక సీటుకోసం మాత్రమే యుద్ధం. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు. అక్కడక్కడ మిరప కల్లాలు ఎర్రగా పరిచివున్నాయి. కొత్తగూడెంలో అమ్మ బస్టాండుకు వచ్చి కిటికీలోంచి టిఫిను డబ్బా అందించింది. పాల్వంచలో చిన్నప్పటినుంచి చూసిన పాత కూలింగు టవర్లు లేవు. 2024 ఆగస్టులో ఎనిమిదింటినీ ఒక్కపూటలో కూల్చేశారు. ఆ పొగ గొట్టాల నీడన తహసీల్దారు గోపన్న కచేరీ ఎక్కడుండేదో అని నేను ప్రతిసారీ ఆలోచిస్తాను. బస్సు ఆగేది టీ తాగడానికి మాత్రమే.

పాల్వంచ దాటితే టేకు. ఆ నెలల్లో ఆకులు రాల్చి అడవి పల్చగా వుంటుంది. మధ్యమధ్య మోదుగులు ఒంటినిండా పూసి, ఆకు లేకుండా మంటలా నిలబడతాయి. సారపాక, గోదావరి వంతెన. నాయనమ్మ పెళ్లయి వచ్చేనాటికి ఈ వంతెన లేదు, 1965లో వచ్చింది. ఆవిడ పడవ దిగి అత్తారింటికి వెళ్లింది. అప్పటికి భద్రాచలం తూర్పుగోదావరి జిల్లా. 1959లో ఖమ్మంలో కలిపారు. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. ఒక్క ఇంట్లోనే కూర్చుని నాయనమ్మ మూడు జిల్లాలు తిరిగింది. పర్ణశాల వైపు రోడ్డు ఇంకా తమాషా. 2014లో పోలవరం కోసం చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పటినుంచి, దుమ్ముగూడెం బస్సు భద్రాచలం దాటగానే కాసేపు పక్క రాష్ట్రంలో నడిచి మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. పాటలకు మాత్రం ఎవరూ సరిహద్దు రాయి పాతలేదు.

మా తాతయ్య ఆ వూరికి బడిపంతులుగా వచ్చాడు. ఊళ్లో సగం కోయ కుటుంబాలు. రామమందిరంలో శనివారం భజనకు అందరూ వచ్చేవారు. ముందు పాడేది నాయనమ్మ, వెనక అందుకునేది మిగతావాళ్లు.

నేను వెళ్లేసరికి అరుగుమీద కూర్చుని వుంది. పేరు పెట్టి పిలిచింది. నా ప్రాణం కుదుటపడింది. అన్నం తిన్నాక ఫోను తీసి ఆవిడ ముందు పెట్టి, "పాడవే" అన్నాను.

"ఇదేంటే?"

"నీ పాట పట్టుకుంటుంది."

"దానికి నేను పాడను. అది తిరిగి అందుకుంటుందా? నువ్వు కూర్చో. నేనంటాను, నువ్వను" అంది.

ఫోను పక్కన పెట్టాను. పక్కన పెట్టానేగాని ఆపలేదు లెండి. మొత్తంమీద కూర్చున్నాను. ఆవిడ గొంతు వణుకుతోంది, పళ్లు లేక మాట జారుతోంది. శ్రుతి మాత్రం సూదికొనమీద నిలబడినట్టు నిలబడింది. పల్లవి ఆవిడంటే నేనన్నాను. చరణం ఎత్తింది. పై షడ్జం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి నేను చిన్నప్పుడు చూసిందే. మరిచిపోయాను. ఆ స్వరం ఎందుకని అడిగాను.

"గోదారి గట్టున భజన చేస్తుంటే అవతలున్నవాళ్లకు వినబడాలి కదే. అక్కడ ఎక్కితేగాని వెనకవాళ్లు అందుకోరు. అందుకోకపోతే భజనేంటి?" అంది.

నాదనామక్రియ గడప దాటడానికి కారణం ఏ లక్షణ గ్రంథంలోనూ దొరకదు సుమండీ. అది వెనకవాళ్లను పిలిచే కేక.

చివరికి వేగం ఎక్కేచోట నాయనమ్మ ఆగిపోయింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ ఆగింది. మూడోసారి నావైపు చూసిన చూపు నేను రాయలేను. "ఇక్కడినుంచి నాది కాదే. ఇక్కడ వాళ్లందుకుంటారు" అంది. నిజమే. భజనలో ముందు పాడేవాళ్ల పాట ఒకటి, అందుకునేవాళ్ల పాట ఒకటి. రెండూ కలిస్తేనే కీర్తన. యాభై ఏళ్లు పాడినా ఆవిడకు వచ్చింది సగమే, రెండో సగం ఎప్పుడూ వెనకనుంచి వినబడేది.

బాబాయి వెళ్లి కోయగూడెంనుంచి ఒక తాతను తీసుకొచ్చాడు. భజనలో చాలా ఏళ్లు డోలు వాయించినవాడు. నేను అప్పటికి నూలుచీర కట్టుకుని వాకిట్లో నిలబడి వున్నాను, మర్నాటికి గంజి లేకుండా ఆరవేద్దామని తడిపే ముందు ఒకసారి కట్టి చూసుకున్నాను. తాత గేటు దగ్గరే ఆగి, "అక్క మళ్లీ చిన్నదైందేంటి అనుకున్నా" అన్నాడు.

ఇక్కడ ఒకరి పేరు చెప్పకుండా వుండలేను. కోయల్లో డోలీలని వున్నారు. డోలు వాయిస్తూ వంశాల చరిత్రలు, ఇలవేల్పుల కథలు పాడతారు. ఇంటిపేర్లు, గట్లు, గోత్రాలు అన్నీ ఆ పాటల్లోనే. మణుగూరు దగ్గర కూనవరంలో సకిని రామచంద్రయ్యగారు అటువంటి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథ ఆయన గొంతులో వినవలసిందే. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో పోయారు. ఆయన పాడినవాటిలో కొన్నింటిని రికార్డు చేశారు, పుస్తకాలకూ ఎక్కించారు. నేను ఆ రికార్డు ఒకటి విన్నాను. వినేప్పుడు ఇదేదో వేరే లోకం అనుకున్నాను. మా మాస్టారి తాడుమీద ఆరిన కాగితాలు, ఆ డోలు, మా నాయనమ్మ చిడతలు ఒక్క కుటుంబమేనని నాకు ఆరోజుదాకా తట్టలేదు.

తాత డోలు తేలేదు. ముక్కాలిపీట బోర్లించి వాయించాడు. "నువ్వను అక్కా, నేనందుకుంటా" అన్నాడు. నాయనమ్మ మళ్లీ పల్లవినుంచి ఎత్తింది. ఈసారి పై షడ్జం దగ్గర చెయ్యి లేచేసరికి, వెనకనుంచి ఆ ముసలి గొంతు కింది పంచమంలో అందుకుంది. నా వొళ్లు జలదరించింది. ఒంటరిగా పాడితే తప్పులా వినబడిన ఆ షడ్జానికి కింద ఎప్పుడూ ఒక పంచమం వుండేదన్నమాట! మేం వినకుండా సగం పాటను పట్టుకుని తప్పొప్పులు తేల్చేస్తున్నాం.

మలుపు దగ్గర తాత కొంత చెప్పాడు. మగవాళ్లు అందుకునేది ఆయనకు తెలుసు. ఆడవాళ్లు దానిమీద మరొకటి వేసేవారట. అది ఆయనకు రాదు. "ఆ మాట నువ్వు అడగాల్సింది..." అని ఒకావిడ పేరు చెప్పాడు. మేళంలో నాయనమ్మ పక్కన కూర్చునేదట. కూతురి దగ్గరికి చర్ల వెళ్లిపోయి పదేళ్లయింది.

గోష్ఠిగానంలో వెనక వరసలో కూర్చుని, పుస్తకంలో వున్నది వున్నట్టు పాడి వచ్చాను. ఆ జనం, ఆ ఎండ, మా జట్టులో ఒకమ్మాయి కళ్లద్దాలు శఠగోపం తగిలి జారిపోయిన వైనం మరోవారం రాస్తాను.

ఖమ్మం వచ్చాక పుస్తకంలో ఎడమ పేజీమీద పాఠంలో వున్న వరస రాశాను. కుడి పేజీమీద నాయనమ్మది రాశాను, కింద తాతది. పెన్సిలుతోనే. మలుపు దగ్గర నాలుగు గీతలు ఖాళీగా వదిలాను. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు. "పాడు" అన్నారు. ఆ షడ్జం దగ్గరికి రాగానే, తాళం వేస్తున్న మనిషి తాళం ఆపకుండా తనే కింది పంచమం అందుకున్నారు. పాట అయ్యాక స్వరకల్పన చెయ్యమన్నారు. రెండే ఆవర్తాలు వచ్చాయి. గొప్పగా ఏమీ లేవు. ఇది ఎవరిదని మాత్రం ఆయన అడగలేదు.

మర్నాడు అయిదింటికి సాధనలో అదే పాడుతుంటే మెట్లమీద అడుగుల చప్పుడైంది. ఇంటిగలావిడ.

"ఇది సినిమాలో ఇలా లేదే?" అన్నారు.

"లేదండీ."

"మా అమ్మ ఇట్లాగే ఏదో పాడేది. పూర్తిగా గుర్తులేదు" అని, ఎందుకో గబగబా కిందికి వెళ్లిపోయారు. ఆ పూట కుక్కరు కూత ఆలస్యమైంది.

నిన్న రాత్రి నాయనమ్మే ఫోను చేసింది. ఎన్ని మరిచిపోతున్నా ఇది మరవలేదు. "చర్ల ఎప్పుడు పోతున్నావే?" అంది.

"శనివారం."

"చుడీదారులో పోకు. నా చీర కట్టుకుపో. దానికి చూపు సరిగా లేదు, రంగు చూసి గుర్తుపడుతుంది."